కాలం కలిసిన కొలతలు

యంత్రాలను ఒకదానితో ఒకటి జోడించి, వాటన్నిటి కాలాన్ని ఒకటి చేయడం అనే విద్యకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో దొరికే అత్యంత స్పష్టమైన ఉదాహరణ, కృష్ణానది నీటితో తిరిగే జనరేటరు గ్రిడ్‌లో కలిసే క్షణం. ప్రియదర్శిని జూరాల జలవిద్యుత్ కేంద్రంలో 39 మెగావాట్ల యంత్రాలు ఆరు, దానికి దిగువన ఆత్మకూరు సమీపంలోని దిగువ జూరాల కేంద్రంలో 40 మెగావాట్ల యంత్రాలు ఆరు, నల్లమలలో ఈగలపెంట వద్ద కొండను తొలిచి కట్టిన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి గ్రిడ్‌లోకి రావాలన్నా ముందు కొలత జరగాలి, ఆ కొలత కొద్ది మిల్లీసెకన్లలో నిర్ణయంగా మారాలి, ఆ నిర్ణయం బ్రేకరును కదిలించాలి. గోపాల్‌పేట పొలాల్లో బోరు మోటారు స్టార్టరు నొక్కినప్పుడు వచ్చే కరెంటు జూరాలదా, వేయి కిలోమీటర్ల అవతలి మరో కేంద్రానిదా అని విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ యంత్రాలన్నీ ఒకే లయలో తిరుగుతూ ఒకే యంత్రంలా ప్రవర్తించడమే అందుకు కారణం.

కొత్తగా తిరగడం మొదలుపెట్టిన జనరేటరును నడుస్తున్న గ్రిడ్‌తో కలపడాన్ని విద్యుత్ కేంద్రాల్లో సింక్రనైజ్ చేయడం అంటారు. అందుకు నాలుగు విషయాలు సరిపోవాలి. మూడు ఫేజుల వరుస రెండు వైపులా ఒకటే కావాలి. ఇది కేంద్రం కట్టినప్పుడు ఒకసారి సరిచూస్తే, వైరింగు మార్చనంత వరకు మారదు. వోల్టేజి సుమారు సమానంగా ఉండాలి. ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్ని ఆవర్తనాలు అన్న లెక్క, రెండు వైపులా దాదాపు ఒకటే కావాలి. చివరిది, అన్నిటికన్నా సున్నితమైనది, ఫేజ్ కోణం. భారతదేశపు గ్రిడ్ సెకనుకు 50 ఆవర్తనాలతో నడుస్తుంది కాబట్టి ఒక ఆవర్తనానికి పట్టే కాలం 20 మిల్లీసెకన్లు. ఆ ఆవర్తనాన్ని 360 డిగ్రీల వృత్తంగా భావిస్తే ఒక మిల్లీసెకను 18 డిగ్రీలవుతుంది, ఒక మైక్రోసెకను 0.018 డిగ్రీ అవుతుంది. గ్రిడ్ వోల్టేజి తరంగం శిఖరాన ఉన్న క్షణంలోనే జనరేటరు తరంగం కూడా శిఖరాన ఉంటే కోణం సున్న. ఒకటి శిఖరాన, మరొకటి అగాధాన ఉంటే కోణం 180 డిగ్రీలు, ఆ క్షణంలో బ్రేకరు మూసుకుంటే రెండింతల వోల్టేజి తేడా యంత్రం మీద పడి, వైండింగులనూ షాఫ్టునూ కుదిపివేసే కరెంటు ప్రవహిస్తుంది.

వెనుకటి కాలంలో ఈ పనిని మూడు దీపాలతోనూ, సింక్రోస్కోపు అనే ముల్లు మీటరుతోనూ చేసేవారు. దీపాలు ఆరిపోయే క్షణం కోసం ఆపరేటరు చూపు నిలిపి, చేతిని స్విచ్ మీద పెట్టి ఎదురుచూసేవాడు. వనపర్తి రాజభవనంలో 1959లో మొదలైన కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి చోట్ల విద్యుత్ శాఖ విద్యార్థులు నేటికీ నేర్చే ఈ దీపాల పద్ధతికి బోధనలో ఉన్న విలువ తక్కువది కాదు, ఎందుకంటే దీపం మినుకుమినుకుమనే వేగంలో రెండు ఫ్రీక్వెన్సీల తేడా కంటికే కనిపిస్తుంది. నేటి కేంద్రాల్లో మాత్రం ఆటో సింక్రనైజర్ అనే పరికరం రెండు వైపుల వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి సంకేతాలు తీసుకుని, తేడాలను లెక్కించి, టర్బైను వేగాన్నీ జనరేటరు వోల్టేజినీ సరిదిద్దమని ఆజ్ఞలు పంపి, చివరకు బ్రేకరును మూయమంటుంది.

ఇక్కడ ఆ పరికరం చేసే ఒక చిన్న లెక్క ఈ ప్రసంగ విషయానికంతటికీ మూలం వంటిది. జనరేటరు ఫ్రీక్వెన్సీ గ్రిడ్ కంటే 0.05 హెర్ట్జ్ ఎక్కువగా ఉందనుకుంటే, రెండింటి మధ్య కోణం సెకనుకు 18 డిగ్రీల చొప్పున మారుతూ 20 సెకన్లకు ఒకసారి పూర్తి వృత్తం తిరుగుతుంది. బ్రేకరుకు ఆజ్ఞ అందిన తరువాత దాని స్ప్రింగు విడుదలై, కాంటాక్టులు కలవడానికి 80 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, కోణం సరిగ్గా సున్న అయినప్పుడు ఆజ్ఞ ఇచ్చిన పరికరం ఆలస్యం చేసినట్టే; సున్నకు 1.44 డిగ్రీల ముందే ఆజ్ఞ వెలువడాలి. జలవిద్యుత్ జనరేటర్లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం కోణంలో 10 డిగ్రీల వరకు, ఫ్రీక్వెన్సీలో 0.067 హెర్ట్జ్ వరకు తేడాను అనుమతిస్తుంది కాబట్టి 1.44 డిగ్రీలు పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. అయితే బ్రేకరు పాతబడి, గ్రీజు గట్టిపడి, మూసుకునే కాలం పెరిగినా ఎవరూ దాన్ని తిరిగి కొలవకపోతే, పరికరం కాగితం మీది ఆలస్యాన్ని నమ్ముకుని ప్రతిసారీ తప్పు క్షణంలోనే యంత్రాన్ని కలుపుతుంది. అందువల్ల సింక్రనైజేషన్ అంటే కొలిచే పరికరం, ఆ కొలతను మోసే తీగ, ఆజ్ఞను అమలు చేసే యంత్రం ఈ మూడింటి ఆలస్యాలనూ తెలుసుకుని, ముందుగానే లెక్కలో వేసుకోవడం.

ఇదే పని దేశమంత విశాలమైన స్థాయిలో జరిగిన సందర్భం గద్వాలకు పొరుగునే ఉంది. 2013 డిసెంబరు 31న రాయచూరు నుంచి షోలాపూర్‌కు వేసిన 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ ప్రాంత గ్రిడ్ మిగిలిన భారతదేశపు గ్రిడ్‌తో సింక్రనైజ్ అయింది. అంతకుముందు దక్షిణాదికి ఉత్తరాదితో సంబంధం లేకపోలేదు. భద్రావతి, గాజువాక కేంద్రాల ద్వారా, తాల్చేర్ నుంచి కోలార్‌కు వెళ్లే డి.సి. లైను ద్వారా కరెంటు అటూ ఇటూ ప్రవహించేది, కానీ అక్కడ ఏ.సి.ని డి.సి.గా, డి.సి.ని మళ్లీ ఏ.సి.గా మార్చే యంత్రాలు మధ్యలో ఉండటం వల్ల రెండు గ్రిడ్ల లయలు వేర్వేరుగా ఉండగలిగేవి. 2012 జులై 30న, మళ్లీ 31న ఉత్తరాది గ్రిడ్లు కుప్పకూలి కోట్లమంది చీకటిలో పడ్డప్పుడు దక్షిణాది గ్రిడ్ చెక్కుచెదరకుండా నిలవడానికి ఆ విడి లయే కారణం. ఏడాదిన్నర తరువాత రాయచూరు–షోలాపూర్ లైను కలిసిన నాటి నుంచి జూరాలలోని జనరేటరు, పంజాబులోని జనరేటరు, అస్సాంలోని జనరేటరు ఒకే ఫ్రీక్వెన్సీకి కట్టుబడ్డాయి. ఆ ఫ్రీక్వెన్సీని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య నిలపడం గ్రిడ్ నియమావళి పెట్టిన హద్దు. లాభం ఎంత పెద్దదో బాధ్యత కూడా అంత పెద్దది, ఎందుకంటే ఇంత విశాలమైన యంత్రంలో ఎక్కడ ఏ క్షణాన ఏం జరుగుతున్నదో తెలియాలంటే, వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న కొలత పరికరాలన్నీ ఒకే గడియారాన్ని చూడాలి.

ఆ గడియారం దగ్గరికి వెళ్లే ముందు, ఒకే గదిలో, ఒకే బల్ల మీద ఉన్న పరికరాలను కలపడంలోని కష్టాన్ని పరిశీలించాలి. మనిషి ఒక్కొక్క మీటరును చూసి కాగితం మీద రాసుకునే బదులు, కంప్యూటరు ఆజ్ఞల మేరకు పరికరాలు తామే సంకేతాలు పుట్టించి, తామే కొలిచి, ఫలితాన్ని తామే నమోదు చేసే ఏర్పాటును ఆటోమేటెడ్ టెస్ట్ వ్యవస్థ అంటారు. ఈ ఏర్పాటుకు తొలి గట్టి పునాది 1965 ప్రాంతంలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రూపొందించిన తీగల కట్ట. అదే 1975లో ఐ.ఇ.ఇ.ఇ.-488 ప్రమాణంగా స్థిరపడి జి.పి.ఐ.బి. అనే పేరుతో ప్రయోగశాలలన్నిటికీ పాకింది. ఒక కట్టమీద 15 పరికరాల వరకు కలపవచ్చు, మొత్తం కేబులు పొడవు 20 మీటర్లు మించరాదు. ఒక పరికరం పంపిన సమాచారాన్ని వింటున్న పరికరాలన్నీ అందుకున్నామని తెలిపేవరకు తరువాతి అక్షరం కదలకుండా మూడు ప్రత్యేక తీగలు కాపలా కాస్తాయి, అందుచేత ఆ గుంపులో అతి నిదానమైన పరికరం వేగమే గుంపంతటి వేగమవుతుంది. సమాచారం నష్టపోకుండా చేరడానికి ఈ పద్ధతి ఎంతో నమ్మకమైనది. అయితే సమాచారం చేరడం ఒకటి, కొలతలు ఒకే క్షణంలో జరగడం మరొకటి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం ఈ రంగంలో అడుగుపెట్టేవారిని తరచుగా పట్టే పొరపాటు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో ఒక బోరు మోటారు పరీక్షతో తేలికగా చూపవచ్చు. మోటారు తీసుకునే నిజమైన శక్తిని కొలవాలంటే వోల్టేజినీ కరెంటునూ విడివిడిగా కొలిస్తే చాలదు. ప్రతి క్షణం రెండింటి విలువలనూ గుణించి, ఆ లబ్ధాల సగటు తీయాలి, ఎందుకంటే మోటారులో కరెంటు వోల్టేజి కంటే కొంత వెనకబడి నడుస్తుంది, ఆ వెనకబాటు కోణపు కొసైన్ విలువే పవర్ ఫ్యాక్టరు. ఇప్పుడు చవకైన సమాచార సేకరణ కార్డులు చాలావరకు ఎనిమిది చానళ్లున్నా లోపల ఒకే ఒక అంకెలమార్పు పరికరం, అంటే తరంగాన్ని అంకెలుగా మార్చే భాగం, కలిగి ఉంటాయి. అది ఒక్కో చానలునూ వంతులవారీగా చదువుతుంది. ఒక చానలు నుంచి తరువాతి చానలుకు 10 మైక్రోసెకన్లు పడితే, వోల్టేజిని మొదటి చానలుకూ కరెంటును ఎనిమిదో చానలుకూ కలిపినవారికి రెండింటి మధ్య 70 మైక్రోసెకన్ల ఎడం వస్తుంది, అంటే 1.26 డిగ్రీల దొంగ కోణం. పవర్ ఫ్యాక్టరు 1 ఉన్న హీటరు విషయంలో ఈ దోషం వందకు 0.024 వంతు మాత్రమే, ఎవరికీ కనబడదు. పవర్ ఫ్యాక్టరు 0.8 ఉన్న నిండు భారపు మోటారు విషయంలో అది సుమారు 1.7 శాతానికి చేరుతుంది. ఖాళీగా తిరిగే మోటారుకు పవర్ ఫ్యాక్టరు 0.2కు పడిపోతే అదే 70 మైక్రోసెకన్లు కొలతను సుమారు 11 శాతం తప్పించేస్తాయి. ఇనుములోనూ ఘర్షణలోనూ పోయే నష్టాన్ని కనుగొనడానికే ఖాళీ మోటారు పరీక్ష చేస్తారు కాబట్టి, ఎక్కడ కచ్చితత్వం అవసరమో సరిగ్గా అక్కడే ఈ దోషం కోరలు చాస్తుంది. హీటరుతో సరిచూసుకుని పరికరం బాగున్నదని తృప్తిపడినవారు మోటారు దగ్గర మోసపోవడం ఇందువల్లనే.

దీనికి విరుగుడు రెండు విధాలు. ప్రతి చానలుకూ విడి అంకెలమార్పు పరికరం పెట్టి అన్నిటినీ ఒకే స్పందనతో చదివించడం మేలైన దారి, ఖర్చు ఎక్కువ. చానళ్ల మధ్య ఎడమెంతో కచ్చితంగా తెలిస్తే, లెక్కలో ఆ మేరకు తరంగాన్ని వెనక్కి జరపడం రెండో దారి. ఖర్చు తక్కువే గాని, ఆ ఎడం స్థిరంగా ఉన్నదని ఎప్పటికప్పుడు పరీక్షించుకోవాలి. ఒకే వోల్టేజి సంకేతాన్ని రెండు చానళ్లకూ కలిపి, వచ్చే కోణాన్ని చూడటం ఇందుకు అతి సులువైన పరీక్ష. పది నిమిషాల పని. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఇచ్చిన శక్తి కొలతను నమ్మరాదన్నది గట్టిగా చెప్పవలసిన మాట.

పరికరాలు రెండైనప్పుడు సమస్య మరో రూపం తాల్చుతుంది. వాటిని కలిపి నడపడానికి రెండు వేర్వేరు సంకేతాలు కావాలి. మొదటిది ట్రిగ్గర్, అంటే పని మొదలుపెట్టమనే ఒక్క స్పందన. రెండోది క్లాక్, అంటే పని సాగినంతసేపూ అడుగు తప్పకుండా నడిపించే నిరంతర స్పందన. పాలమూరు పల్లెల చెక్కభజనలో గురువు వేసే తొలి దరువుతో అందరూ ఒక్కసారే మొదలుపెట్టినా, తరువాత తాళం వినబడకుండా పోతే నాలుగు చరణాలు తిరిగేసరికి ఎవరి అడుగు వారిదవుతుంది. ట్రిగ్గరును కలిపి క్లాకును మరచిన పరీక్షా వ్యవస్థకూ పట్టే గతి అదే. సాధారణ క్వార్ట్జ్ స్ఫటికపు గడియారాలు రెండింటి మధ్య పది లక్షలకు పది వంతుల తేడా ఉండటం వింతేమీ కాదు. అంత తేడాతో అవి సెకనుకు 10 మైక్రోసెకన్లు విడిపోతూ, వంద సెకన్లలో ఒక మిల్లీసెకను, అంటే 50 హెర్ట్జ్ వద్ద 18 డిగ్రీల దూరం వెళ్లిపోతాయి. మొదటి సెకనులో చక్కగా ఉన్న ఫలితం రెండో నిమిషంలో అర్థం లేనిదవుతుంది, అయినా తెర మీద అంకెలు మునుపటి నిబ్బరంతోనే కదులుతుంటాయి.

అందుకే 1997లో వచ్చిన పి.ఎక్స్.ఐ. అనే అమరికలో, పరికరాలను కార్డుల రూపంలో ఒకే పెట్టెలో గుచ్చి, వాటి వెనుక పలకలోనే 10 మెగాహెర్ట్జ్ ఉమ్మడి క్లాకునూ ఎనిమిది ట్రిగ్గరు తీగలనూ ముద్రించారు. దానితోపాటు ఒక ప్రత్యేక గడి నుంచి మిగిలిన గడులకు సమాన పొడవుతో వెళ్లే నక్షత్రాకార ట్రిగ్గరు తీగలు కూడా ఉన్నాయి, వాటి మధ్య తేడా ఒక నానోసెకనుకు మించదు. సమాన పొడవు ఎందుకంటే, సంకేతం రాగి కేబులులో మీటరుకు సుమారు 5 నానోసెకన్ల కాలం తీసుకుంటుంది. ఒక పరికరానికి ఒక మీటరు తీగ, మరొకదానికి మూడు మీటర్ల తీగ వాడితే 10 నానోసెకన్ల తేడా తీగల్లోనే పుడుతుంది. విద్యుత్ గ్రిడ్ కొలతకు ఇది లెక్కలోకి రాదు, రాడారు పరీక్షకు మాత్రం ఇది పెద్ద అంతరం. ఎంత సూక్ష్మత కావాలో ముందే తేల్చుకోకుండా ఖరీదైన పరికరాలు కొనడమూ, చవక తీగలతో సరిపెట్టుకోవడమూ రెండూ నష్టమే.

పెట్టె దాటి, ఊరు దాటి, రెండు సబ్‌స్టేషన్ల మధ్యకు వచ్చేసరికి తీగ పనికిరాదు. అక్కడ జరిగే అతి ముఖ్యమైన పరీక్ష డిఫరెన్షియల్ రక్షణ రిలేల పరీక్ష. హైటెన్షన్ లైనుకు రెండు చివరలా ఉన్న రిలేలు, లైనులోకి వెళ్లిన కరెంటునూ బయటికి వచ్చిన కరెంటునూ క్షణక్షణం పోల్చుకుంటాయి. లైను బాగుంటే తీసివేతలో సున్న రావాలి, తేడా వస్తే మధ్యలో ఎక్కడో కరెంటు దారి తప్పుతున్నదని గ్రహించి రెండు చివరల బ్రేకర్లనూ తెరుస్తాయి. ఈ రిలేలను పరీక్షించడానికి ఇంజనీర్లు రెండు చివరలకూ రెండు టెస్టింగ్ కిట్లు తీసుకువెళ్లి, నిజమైన లోపం జరిగినప్పుడు ఎలాంటి కరెంటులు వస్తాయో అలాంటి కరెంటులను కృత్రిమంగా పుట్టించి రిలేలకు ఇస్తారు. ఇద్దరూ ఫోనులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని బటన్ నొక్కితే సరిపోదా అన్న ప్రశ్నకు లెక్కే సమాధానం చెబుతుంది. రెండు కిట్ల ఆరంభంలో ఒక్క మిల్లీసెకను తేడా వచ్చినా 18 డిగ్రీల కోణం ఏర్పడి, అసలు లోపమే లేని చోట లైను కరెంటులో 31 శాతమంత దొంగ కరెంటు తీసివేతలో కనిపిస్తుంది; మనిషి వేలికి మాత్రం పదుల మిల్లీసెకన్ల తడబాటు సహజం. అందువల్ల రెండు కిట్లకూ జి.పి.ఎస్. యాంటెనా కలిపి, ఫలానా నిమిషం ఫలానా సెకను మొదలైన క్షణంలో కరెంటు ఇవ్వమని ముందే ఆజ్ఞ పెడతారు. జి.పి.ఎస్. రిసీవరు సెకనుకొక్క స్పందన చొప్పున ఇచ్చే సంకేతం ఒక మైక్రోసెకను కంటే ఎంతో తక్కువ తేడాతో నిలుస్తుంది, అప్పుడు దొంగ కరెంటు లెక్కలోకి రానంత చిన్నదవుతుంది.

పరీక్షలో వాడిన ఈ కిటుకునే రోజంతా, ఏడాదంతా నడిచే కొలతగా మార్చినవాడు గ్వాలియర్‌లో పుట్టి, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో చదివి, అమెరికా వెళ్లిన అరుణ్ ఫడ్కే. ఆయన 1988లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో తన సహచరులతో కలిసి తొలి ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్‌ను తయారుచేశాడు. ఫేజర్ అంటే తరంగపు పరిమాణాన్నీ కోణాన్నీ కలిపి చూపే బాణం వంటి గుర్తు. ఏ సబ్‌స్టేషన్‌లోనైనా ఈ యూనిట్ సెకనుకు 25 సార్లో 50 సార్లో ఆ బాణాన్ని కొలిచి, దానిమీద ఉపగ్రహ కాలాన్ని ముద్రవేసి పంపుతుంది. కోణం ఎప్పుడూ దేనితోనో పోల్చి చెప్పవలసినదే కాబట్టి, ఉమ్మడి గడియారం లేనినాడు రెండు ఊళ్ల మధ్య కోణమనే మాటను నేరుగా కొలిచి చెప్పే మార్గం లేదు, అంచనా కట్టడమే దిక్కు. ఈ యూనిట్లకు వర్తించే ప్రమాణం మొత్తం దోషాన్ని ఒక శాతానికి పరిమితం చేసింది. ఆ ఒక శాతమంతా కాలదోషం వల్లనే వచ్చిందనుకుంటే అది 0.57 డిగ్రీకి, అంటే 50 హెర్ట్జ్ వద్ద సుమారు 32 మైక్రోసెకన్లకు సమానం. కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు, వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు, వడపోత సర్క్యూట్లు తమ తమ వాటా దోషాలను విడిగా చేరుస్తాయి కనుక గడియారానికి మిగిలే వాటా ఇంకా తక్కువ.

ముద్రవేసిన కాలం ఎందుకంత ముఖ్యమో 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో జరిగిన మహా అంధకారం లోకానికి చాటింది. ఏ లైను ముందు తెగింది, ఏది దాని పర్యవసానం అని తేల్చడానికి కూర్చున్న విచారణ బృందానికి వేలాది నమోదులు అందాయి, కాని చాలా పరికరాల గడియారాలు ఒకదానితో ఒకటి కలిసినవి కావు. సంఘటనల వరుసను పేర్చడమే వారికి పెద్ద పనయింది. ఉమ్మడి కాలంతో నడిచే నమోదు పరికరాలను తప్పనిసరి చేయాలన్నది ఆ బృందం చేసిన సిఫారసుల్లో ఒకటి. భారతదేశంలో 2010 నుంచి ఉత్తర ప్రాంతంలో ప్రయోగాత్మకంగా ఫేజర్ యూనిట్లు అమర్చారు, తరువాత పవర్‌గ్రిడ్ సంస్థ దేశవ్యాప్త పథకంగా వాటిని విస్తరించింది.

ఉపగ్రహాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మరాదు. 2016 జనవరి 26న ఒక పాత జి.పి.ఎస్. ఉపగ్రహాన్ని సేవ నుంచి తప్పించే ప్రక్రియలో తప్పుడు సమాచారం ప్రసారమై, దాన్ని అందుకున్న అనేక రిసీవర్ల కాలం సుమారు 13 మైక్రోసెకన్లు పక్కకు జరిగింది. 50 హెర్ట్జ్ గ్రిడ్‌లో అది పావు డిగ్రీకి సమానం. ఫేజర్ కొలతకు ప్రమాణం పెట్టిన హద్దు దాటలేదు గాని, ఆ హద్దులో మూడో వంతుకు పైగా ఒక్క దెబ్బకు తినివేసింది. మరో చిక్కు లీపు సెకను. భూభ్రమణంతో గడియారాలను సరిపెట్టడానికి అప్పుడప్పుడు ఒక సెకను చేర్చినప్పుడు, దాన్ని సరిగా అర్థం చేసుకోని పరికరం పూర్తి సెకను తేడాతో కాలముద్ర వేస్తుంది. చివరిగా చేర్చిన లీపు సెకను భారత కాలమానంలో 2017 జనవరి 1 ఉదయం 5 గంటల 29 నిమిషాల 60వ సెకనుగా వచ్చింది. పశ్చిమ ఐరోపాలో అర్ధరాత్రికి దగ్గరగా జరిగిన మార్పు, ఇక్కడ ఉదయపు లోడు పెరిగే వేళకు సమీపంగా జరిగింది.

సబ్‌స్టేషన్ ప్రాంగణం లోపల గడియారపు కాలాన్ని ప్రతి ప్యానెలుకూ చేర్చడానికి ఐరిగ్-బి అనే సంకేతం చాలాకాలంగా వాడుకలో ఉంది. అమెరికా క్షిపణి పరీక్షా కేంద్రాల్లో రాడార్లు, కెమెరాలు, టెలిమెట్రీ పరికరాలన్నిటినీ ఒకే కాలానికి కట్టడానికి పుట్టిన ఈ పద్ధతి విద్యుత్ రంగానికి అరువు వచ్చింది. శ్రీహరికోటలో రాకెట్టును అనుసరించే పరికరాలకు ఉమ్మడి కాలం ఎంత ప్రాణప్రదమో తలచుకుంటే ఆ మూలం అర్థమవుతుంది. కొత్త సబ్‌స్టేషన్లలో కాలాన్ని ఈథర్‌నెట్ మీదుగానే పంపే పి.టి.పి. అనే పద్ధతి వస్తున్నది, 2002లో ఐ.ఇ.ఇ.ఇ.-1588గా వెలువడిన ఈ ప్రమాణం, కొలత పరికరాల అవసరాల నుంచే పుట్టింది. ఇందులో ప్రధాన గడియారం ఒక సందేశం పంపుతుంది, అనుచర గడియారం బదులు పంపుతుంది, రాకపోకల కాలాన్ని సగం చేసి దారి ఆలస్యాన్ని లెక్కిస్తారు. రాకకూ పోకకూ సమాన కాలం పడుతుందన్న నమ్మకం మీద ఈ లెక్క నిలిచింది. వెళ్లే ఫైబరు ఒక దారిన, వచ్చే ఫైబరు మరో దారిన పోయి, రెండింటి మధ్య రెండు కిలోమీటర్ల తేడా ఉంటే, ఫైబరులో కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్ల చొప్పున 10 మైక్రోసెకన్ల తేడా వచ్చి, అందులో సగం, అంటే 5 మైక్రోసెకన్లు, ఎవరికీ తెలియని స్థిరదోషంగా గడియారంలో కూర్చుంటుంది. ఆ దోషాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. ఫైబరు దారి తెలిసిన లైన్‌మన్ మాత్రమే చెప్పగలడు.

పరికరాలను కలపడంలో కాలంతోపాటు ప్రాణం సంగతి కూడా ఉంది. లైను కరెంటును 1 ఆంపియరుకో 5 ఆంపియర్లకో తగ్గించి మీటర్లకు ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మరును సిబ్బంది సి.టి. అని పిలుస్తారు. లైనులో కరెంటు పారుతుండగా సి.టి. రెండో వైపు తీగను ఊడదీస్తే, లైను కరెంటంతా కోరును అయస్కాంతీకరించడానికే ఖర్చయి, ఆ తెగిన కొసల మధ్య వేల వోల్టులు పుట్టుకొస్తాయి. పరీక్షకు ముందు ఆ కొసలను షార్టింగ్ లింకుతో కలపడం మరిచిన చేయి తిరిగి పనికిరాకపోవచ్చు. రెండు ప్యానెళ్ల మధ్య సంకేతపు కేబులు షీల్డును రెండు చివరలా ఎర్త్ చేస్తే, రెండు ఎర్తుల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి తేడాకే షీల్డులో 50 హెర్ట్జ్ కరెంటు తిరిగి, కొలవవలసిన 50 హెర్ట్జ్ సంకేతంలోనే కలిసిపోతుంది. రెండింటినీ వేరుచేసే వడపోత ఏదీ లేదు, ఎందుకంటే రెండింటి ఫ్రీక్వెన్సీ ఒకటే. ఆప్టికల్ ఫైబరుతో కలపడం ఈ చిక్కును మూలంలోనే తెంచుతుంది.

ఉపగ్రహ సంకేతం అందని వేళ, ఉదాహరణకు పిడుగుకు యాంటెనా దెబ్బతిన్నప్పుడు, గడియారం తన సొంత స్ఫటికం మీద ఎంతసేపు నిలువగలదన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. వేడి గూటిలో ఉంచిన మేలైన స్ఫటికం పది కోట్లకు ఒక వంతు తేడాతో నడిస్తే వంద సెకన్లకు ఒక మైక్రోసెకను జారుతుంది, గంటకు 36 మైక్రోసెకన్లు; ఫేజర్ కొలతకు ప్రమాణం అనుమతించిన వాటా మొత్తం ఆ ఒక్క గంటలోనే ముగుస్తుంది. రుబీడియం గడియారం ఇంతకంటే ఎన్నో రెట్లు నిలకడగా ఉంటుంది గాని ఖరీదు ఎక్కువ. భారత ప్రామాణిక కాలాన్ని కాపాడే న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నుంచి, ఇస్రో వారి నావిక్ ఉపగ్రహాల ద్వారా, అహ్మదాబాదు, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాదు, గువాహటి నగరాల్లోని ప్రాంతీయ ప్రమాణ ప్రయోగశాలలకు కాలాన్ని చేర్చే ఏర్పాటు రూపొందింది. తెలంగాణ సబ్‌స్టేషన్లలోని గడియారాలు జి.పి.ఎస్.తోపాటు నావిక్ సంకేతాన్ని కూడా అందుకుని, రెండింటినీ పోల్చుకుంటూ నడవడం ఇప్పటి సాంకేతికతకు అసాధ్యమైన పని కాదు. ఆ పోలికలో ఒక మైక్రోసెకనుకు మించి తేడా కనబడిన వెంటనే, ఫేజర్ యూనిట్ పంపే ప్రతి కొలత మీదా దాని కాలం సందేహాస్పదమన్న గుర్తు పడాలి, అందుకు కావలసిన గడి ఆ ప్రమాణంలో మొదటి నుంచీ ఉన్నది.